వీణ పట్టుకుంటే కచేరీ చేయాలా? రాయగడలో రోజూ వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో వీణ నేర్పుతానని చెప్పగానే ఎదుటివాళ్ళు అడిగేది ఒకటే: "ఇక్కడ ఎవరు నేర్చుకుంటారండీ?" చాలామందే. పిల్లలు తక్కువ, పెద్దవాళ్ళు ఎక్కువ. జేకేపూర్ పేపరు మిల్లులో షిఫ్టు దిగి వచ్చేవాళ్ళున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, పిల్లల్ని బడికి పంపాక ఓ గంట మిగిలే ఇల్లాళ్ళున్నారు, రిటైరైన మాస్టార్లున్నారు. వీళ్ళలో ఎవరూ వేదిక ఎక్కబోవడం లేదు. ఎక్కాలన్న కోరికా లేదు. అయినా మానరు. అదెందుకో అర్థం కానివాళ్ళు అనే మాటలే ఇవన్నీ.

అపోహ: బాగా వాయించడం వచ్చాకే ఆనందం. అంతవరకూ శిక్షే.

అన్నిటికన్నా ఎక్కువమందిని వీణకు దూరం చేసేది ఈ మాటే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

వీణకు ఏడు తీగలు. నాలుగు వాయించడానికి, పక్కన మూడు తాళానికి. ఆ పక్క తీగల్లో ఒకటి పంచమం, అంటే ప స్వరం. ఇప్పుడు సారణి తీగను, అంటే వాయించే తీగల్లో మొదటిదాన్ని, ఏడో మెట్టు మీద నొక్కి మీటితే పలికేదీ ఆ పంచమమే. శ్రుతి సరిగ్గా కుదిరి, వేలు సరిగ్గా మెట్టు మీద పడితే, ముట్టుకోని ఆ పక్క తీగ కూడా తనంతట తాను మోగుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళ చేత నేను తప్పకుండా చేయించే పని ఒకటుంది. చిన్న కాగితం ముక్కను మధ్యకు మడిచి పక్క పంచమం మీద కూర్చోబెడతాను. ఇక ఏడో మెట్టు మీద వాయించమంటాను. వేలు తీగను కాస్త పక్కకు లాగిందంటే కాగితం కదలదు. మళ్ళీ నొక్కుతారు, కదలదు. తీగ ఎటూ జరగకుండా నిటారుగా నొక్కిన క్షణాన కాగితం గజగజ వణికి కింద పడుతుంది.

మిల్లులో పనిచేసే ఒకాయన అది చూసి, "రోజంతా టన్నుల కాగితం చూస్తాను గానీ, కాగితం ఇలా ఆడటం ఎప్పుడూ చూడలేదు టీచరుగారూ" అన్నారు. ఆయనకు అప్పటికి మొట్టమొదటి పాఠమైన సరళీ స్వరాలు కూడా పూర్తి కాలేదు. ఆ సాయంత్రం ఆయన ముఖం చూసినవాళ్ళెవరూ ఆనందం కచేరీ స్థాయి దాకా ఆగుతుందని అనరు.

సరిగ్గా పలికిన ఒక్క స్వరం చాలు. అది చెవికి తెలుస్తుంది, వేలికి తెలుస్తుంది, ఒళ్ళో ఆనించుకున్న కర్రలోంచి ఒంటికీ తెలుస్తుంది. వినేవాళ్ళకు దక్కనిది, వాయించేవాళ్ళకు మాత్రమే దక్కేది ఈ మూడోది. 2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఇష్టమైన సంగీతం వింటున్నప్పుడు మెదడులో ఆనందంతో ముడిపడ్డ డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందని, అదీ రక్తి కట్టే ఘట్టం కోసం ఎదురుచూసేటప్పుడు ఒక భాగంలో, ఆ ఘట్టం వచ్చినప్పుడు మరో భాగంలో అని చూపించారు. ఆ పరిశోధన వినేవాళ్ళ మీద జరిగింది. వాయించేవాళ్ళ సంగతి నా అనుభవంతో చెప్తాను: రాబోయే స్వరం తన వేలి కింద ఉన్నప్పుడు ఆ ఎదురుచూపు ఇంకా పదునుగా ఉంటుంది.

అపోహ: సంగీతం అంటే విశ్రాంతి. ఒత్తిడి పోతుంది.

వాట్సాప్‌లో ఈ మాట పంపేవాళ్ళు ఒక్కసారి వచ్చి వీణ శ్రుతి చేయండి. తీగలు బిగించే బిరడాలు వానాకాలంలో బిగుసుకుపోతాయి. ఎండాకాలంలో మెట్లను పట్టి ఉంచే నల్లటి మైనం మెత్తబడుతుంది, మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. మొదటి వారాల్లో ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు తీగ కోతకు మండుతాయి. అవి కాయలు కాసేదాకా ఓర్చుకోవాల్సిందే. నూనెలో తడిపిన దూది పక్కన పెట్టుకుని వేళ్ళకు రాసుకుంటూ వాయించడం పాత అలవాటు, ఇప్పటికీ పనికొస్తుంది.

ఇది విశ్రాంతి ఎలా అవుతుంది? పనే. కాకపోతే ఆ పని చేస్తున్నంతసేపు మిల్లు, ఆఫీసు, అప్పు, అత్తగారు ఏవీ బుర్రలోకి దూరలేవు, ఎందుకంటే ఖాళీ ఉండదు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మీటాలి, చిటికెనవేలు తాళం తీగలు చూసుకోవాలి, ఎడమచేయి మెట్ల మీద ఉండాలి, నోట్లో స్వరం నడుస్తుండాలి. అలసిపోతారు. కానీ ఆ అలసట వేరు.

అపోహ: ఈ వయసులో ఏటి వస్తుందండీ, చిన్నప్పుడే మొదలెట్టాలి.

పదేళ్ళ పిల్ల వేళ్ళు నలభై అయిదేళ్ళ మనిషి వేళ్ళకన్నా చురుకే. కాదనను. కానీ పెద్దవాళ్ళ దగ్గర పిల్లలకు లేనిది ఒకటుంది: నలభై ఏళ్ళుగా విన్న పాట. సరళీ తర్వాతి పాఠం జంట స్వరాలు వాయిస్తూ వాయిస్తూ, "ఇది ఫలానా పాటలో వస్తుంది కదండీ!" అని ఆగిపోతారు. పిల్లలు అలా ఆగరు. పైగా పెద్దవాళ్ళకు పరీక్ష లేదు, తల్లిదండ్రుల ఒత్తిడి లేదు. మానేయాలనుకుంటే రేపే మానేయొచ్చు. రేపు కూడా వస్తున్నారంటే ఇష్టంతోనే వస్తున్నట్టు. అబ్దుల్ కలాం గారు వీణ వాయించేవారని అందరికీ తెలుసు. ఆయన్ని ఎవరైనా, "కచేరీ స్థాయి ఉందా మీకు?" అని అడిగారా?

అపోహ: పదివేల గంటలు సాధన చేస్తే గానీ లాభం లేదు.

ఈ లెక్క 1993లో మనస్తత్వవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చింది. బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల్ని పరిశీలిస్తే, వాళ్ళలో మేటి అనిపించుకున్నవాళ్ళు ఇరవై ఏళ్ళు వచ్చేసరికి సగటున పదివేల గంటల సాధన చేసి ఉన్నారు. అంటే అది వృత్తి కళాకారులు కాబోయే కుర్రాళ్ళ సగటు. ఇంట్లో మోహన రాగం వాయించుకుందామనుకునే మనిషికి కొలబద్ద కాదు. అదే పరిశోధనలో ఎవరూ ఎత్తని మాట ఇంకోటుంది: అలాంటి సాధన స్వతహాగా ఆనందకరం కాదని వాళ్ళే రాశారు. మనం వెతుక్కునేది ఆనందమైతే ఆ లెక్కతో మనకేం పని?

అపోహ: నాకు చెవి లేదు.

ఇలా అనేవాళ్ళలో ఎక్కువమంది చిన్నప్పుడు బళ్ళో ఎవరో "నువ్వు పాడకు" అంటే నోరు మూసుకున్నవాళ్ళు. స్వరాల తేడా నిజంగానే పట్టలేని లోపం పుట్టుకతో ఉండేవాళ్ళు 1.5 శాతం దాకా ఉంటారని 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. మాటలు లేకుండా వరస ఒక్కటే వినిపిస్తే ఫలానా పాట అని మీరు పోల్చుకుంటున్నారంటే మీ చెవికి వచ్చిన లోటేమీ లేదు. మిగతాది అలవాటు. ఎలక్ట్రానిక్ తంబుర గానీ ఫోన్లో శ్రుతి యాప్ గానీ పెట్టుకుని కూర్చోండి. అది మోసం అనేవాళ్ళ మాట పట్టించుకోకండి.

అపోహ: పిల్లలకు నేర్పిస్తే తెలివి పెరిగి లెక్కల్లో మార్కులొస్తాయి.

దీనికి మూలంగా చెప్పేది పాశ్చాత్య స్వరకర్త మొజార్ట్ సంగీతం వినిపించి చేసిన 1993 నాటి ప్రయోగం. అది కాలేజీ విద్యార్థుల మీద చేసింది. వాళ్ళు విన్నది పది నిమిషాలు, ఫలితం నిలిచింది పది పదిహేను నిమిషాలు. మార్కులు కావాలంటే లెక్కల మాస్టారి దగ్గరికి పంపండి.

అపోహ: ఒడిశాలో మన వీణ ఎవరు వింటారు? ఎవరితో కలిసి వాయిస్తాం?

1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, అప్పటి విశాఖపట్నం జిల్లా కిందే. బొబ్బిలి ఇప్పటికీ మాకు ఒక్క రైలు దూరం. పనస దుంగను తొలిచి వీణలు చేసే గొల్లపల్లి అక్కడే ఉంది. ఒక పక్క అది, ఇంకో పక్క ఒడియా భజనలు. మనకిది లోటు ఎలా అవుతుంది?

మా వీధిలో ఒక ఒడియా పెద్దాయన హార్మోనియం వాయిస్తారు, జగన్నాథుడి భజనల కోసం. ఆయన హిందుస్తానీ పేరుతో భూపాలి అంటారు, నేను కర్ణాటక పేరుతో మోహనం అంటాను. స్వరాలు అవే అయిదు, నడక వేరు. ఆయన మాల్కౌఁస్‌, మన హిందోళం కూడా అంతే. కలిసి వాయించేటప్పుడు సర్దుకోవాల్సింది వీణే, ఎందుకంటే హార్మోనియం శ్రుతిని కూర్చున్నపళాన మార్చలేం. బిరడాలు తిప్పి ఆయన శ్రుతికి నేను వస్తాను. నేను తీగ లాగి గమకం పలికించే చోట ఆయన వేలు ఆపి వింటారు, ఆ పెట్టెలో ఆ జారుడు పలకదు మరి. ఇలాంటి కారణాలతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి, 1971 దాకా తలుపు తీయలేదు. ఈ సంగతి చెప్తే ఆయనకు కోపం వస్తుంది. న్యాయమైన కోపమే. భజనకు నలుగురి గొంతుల్ని ఒక్క శ్రుతిలో నిలబెట్టేది ఆ పెట్టే కదా.

నా దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆయన భజనకు వెళ్ళి వాయిస్తుంటారు. ఒడియా పదాలు సగం అర్థం కావు. స్వరం మాత్రం పట్టేస్తారు.

అపోహ: పెళ్ళికి ముందు నేర్చుకున్నాను, ఇప్పుడంతా మర్చిపోయాను.

మీరు మర్చిపోయారేమో గానీ వేళ్ళు అంత తొందరగా మర్చిపోవు. కీర్తనలకు ముందు నేర్పే వర్ణం దాకా వచ్చి ఆపేసినవాళ్ళు మళ్ళీ కూర్చుంటే సరళీ స్వరాలు చేతికి వాటంతటవే వస్తాయి. బుద్ధి అడ్డం పడకుండా ఉంటే చాలు. ముందు అటక మీది వీణ దించండి. తీగలు తుప్పు పట్టి ఉంటాయి, అన్నీ మార్చేయండి. పాత తీగ మీద శ్రుతి నిలవదు, పుటుక్కున తెగితే మొహానికి తగులుతుంది కూడా. మైనం పగిలి ఉంటే మెట్లను మీరే సర్దబోకండి, బొబ్బిలి తీసుకెళ్ళి మేళం కట్టించుకు రండి, అంటే మెట్లను కొత్త మైనంలో మళ్ళీ కూర్పించుకోండి. తెచ్చాక మొదటిరోజే కీర్తన మొదలుపెట్టొద్దు. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, ఒకటో కాలం (అన్నిటికన్నా నెమ్మది నడక), పావుగంట. అంతకు మించితే మెత్తబడిన వేళ్ళు బొబ్బలెక్కుతాయి, మర్నాడు వీణ ముట్టుకోలేరు.