ఒకే ఇంటిపేరు, ఒకే రక్తమేనా?

పెళ్ళి సంబంధం మాట రాగానే తెలుగిళ్ళలో మొదట అడిగేది ఇంటిపేరు, ఆ వెంటనే గోత్రం. ఇంటిపేరు కలిసిందా, "మనం మనం అన్నదమ్ముల వరస" అంటూ మాట అక్కడితో ఆపేస్తారు. కొత్త ఊళ్ళో మన ఇంటిపేరు బోర్డు మీద కనిపిస్తే ఆగి, "మీదే ఊరండీ?" అని అడగకుండా ఉండలేం. ఈ అలవాట్ల వెనక నిఖార్సైన జీవశాస్త్ర ప్రతిపాదన ఒకటుంది. ఒక ఇంటిపేరున్న మగవాళ్ళందరూ ఎప్పుడో ఒక్క మూలపురుషుడి నుంచి వచ్చారన్నది ఆ ప్రతిపాదన. వంశవృక్షాలు, శాసనాలు, కైఫీయతులు తిరగేసి దీన్ని తేల్చడం కష్టం. పాతికేళ్ళుగా డీఎన్ఏతో తేల్చే వీలు కలిగింది.

ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. మగవాళ్ళలో మాత్రమే ఉండే వై క్రోమోజోముదీ అదే దారి. మిగతా క్రోమోజోములు ప్రతి తరంలోనూ తమ జతతో ముక్కలు మార్చుకుంటాయి కాబట్టి, తాతదేదో అమ్మమ్మదేదో కొన్ని తరాలకు కలగలిసిపోతుంది. వై క్రోమోజోముకు అలా మార్చుకునే జత లేదు. రెండు కొసల్లో కొద్దిభాగం మాత్రం ఎక్స్ క్రోమోజోముతో మార్పిడి చేసుకుంటుంది. మిగిలిన 95 శాతం దాకా తండ్రి దగ్గర ఎలా ఉందో కొడుక్కి అలాగే వస్తుంది. దీని అక్షరక్రమాన్ని, అంటే డీఎన్ఏలోని నాలుగు రకాల రసాయన అక్షరాల వరుసను, ఈ కొస నుంచి ఆ కొస దాకా పూర్తిగా చదవగలిగింది 2023లోనే. మొత్తం 6 కోట్ల 24 లక్షల అక్షరాలు. వీటిని నకలు తీసేటప్పుడు అరుదుగా తప్పులు దొర్లుతాయి. పరిశోధకులకు పనికొచ్చేవి ఆ తప్పులే. ఒక తాతకు దొర్లిన తప్పు ఆయన కొడుకులు, మనవలు, మునిమనవలు అందరిలోనూ ఉంటుంది, పక్కింటి వంశంలో ఉండదు. మూడు నాలుగు అక్షరాలు పదేపదే వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. అవి సగటున ఐదొందల పుట్టుకలకు ఒకసారి మారతాయి. ఇలాంటివి కొన్ని పదులు పోల్చి చూస్తే, ఇద్దరు మగవాళ్ళ పితృవంశాలు కొన్ని వందల ఏళ్ళలోపు కలుస్తాయో లేదో చెప్పవచ్చు.

ఈ పద్ధతిని ఇంటిపేరు మీద ప్రయోగించిన తొలి ప్రసిద్ధ పరిశోధన 2000లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. బ్రయాన్ సైక్స్ అనే జన్యుశాస్త్రవేత్త తన ఇంటిపేరునే పరీక్షకు పెట్టాడు. సైక్స్ అనేది పొలిమేర వాగుల వల్ల వచ్చిన పేరు. అలాంటి వాగులు ఉత్తర ఇంగ్లండులో ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ పేరు చాలాచోట్ల విడివిడిగా పుట్టి ఉంటుందని రాతప్రతులు చూసినవాళ్ళు అనుకునేవారు. ఆయన పరీక్షించిన 48 మంది సైక్స్‌లలో దాదాపు సగం మందికి ఒకే రకం వై క్రోమోజోము ఉంది. అదే ప్రాంతంలో వేరే ఇంటిపేర్లవాళ్ళలో ఆ రకం కనిపించలేదు. మిగతావాళ్ళలో ఈ తండ్రీకొడుకుల గొలుసు మధ్యలో ఎక్కడో తెగి ఉంటుందని, నేటి సైక్స్‌లకు ఒక్కడే మూలపురుషుడని ఆయన తేల్చాడు.

ప్రతి పేరుకూ ఇలా జరగదు. లెస్టర్ విశ్వవిద్యాలయంలో తూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మందిని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. అరుదైన అటెన్‌బరో అనే పేరున్నవాళ్ళలో పదిమందికి దాదాపు తొమ్మిది మంది ఒకే వంశం. స్మిత్‌లను చూస్తే మాత్రం, దారినపోయే ఇద్దరు ఆంగ్లేయుల మధ్య ఎంత పోలిక ఉంటుందో వాళ్ళ మధ్యా అంతే. స్మిత్ అంటే కమ్మరి. ప్రతి ఊళ్ళోనూ కొలిమి ఉన్నప్పుడు ఆ పేరు వందలచోట్ల పుట్టడంలో వింత లేదు. పేరు ఎంత అరుదైతే బంధుత్వం అంత గట్టిదన్నది వీళ్ళు తేల్చిన సూత్రం.

దీన్ని మన ఇంటిపేర్లకు పెట్టి చూడాలి. తెలుగు ఇంటిపేర్లలో పెద్ద వాటా ఊళ్ళవి: కందుకూరి, వేమూరి, నండూరి, కొండపల్లి, బెజవాడ. కందుకూరులో ఉంటున్నవాణ్ణి ఎవరూ కందుకూరివాడని పిలవరు. ఊరు విడిచి ఇంకోచోట స్థిరపడితే అక్కడివాళ్ళు అలా పిలుస్తారు. ఒక ఊరి నుంచి శతాబ్దాలుగా కరణాలు, కాపులు, సాలెలు, కుమ్మర్లు, కోమట్లు ఎందరో వలస వెళ్తారు. అందరికీ ఆ ఊరే ఇంటిపేరు అవుతుంది. కాబట్టి ఊరిపేరు ఇంటిపేరైతే స్మిత్ లాంటి ఫలితాన్నే ఆశించాలి. ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనిపించడానికి కారణం చాలావరకు ఇదే. పప్పు, బెల్లం, వంకాయల, ఏనుగుల వంటి పేర్ల సంగతి వేరు. ఏదో ఒక సంఘటన వల్లో, వ్యాపారం వల్లో ఒక మనిషికి అంటుకున్న పేర్లు కాబట్టి అరుదైనవాటికి మూలపురుషుడు ఒక్కడే అయ్యే అవకాశం ఎక్కువ. ఇంటిపేరు ఒక్కటే కాక గోత్రం, పూర్వీకుల ఊరు, ఇంటి ఇలవేల్పు కూడా కలిస్తే వెతికే వల బాగా చిన్నదవుతుంది. మన పెద్దలు ఈ వివరాలన్నీ కలిపి అడగడంలో మంచి తర్కం ఉంది.

మన దగ్గర పరీక్షకు తగిన చారిత్రక ఉదాహరణలకు కొదవ లేదు. కాకతీయుల శాసనాల్లో మల్యాల, గోన, విరియాల, చెరకు వంటి వంశనామాలు అప్పటికే స్థిరపడి కనిపిస్తాయి. 1213లో రామప్ప గుడి కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడు. రేచర్ల పేరుతో రెడ్డి వంశమూ ఉంది, తర్వాత రాచకొండను ఏలిన పద్మనాయక వెలమ వంశమూ ఉంది. ఈ రెండింటికీ మూలం ఒకటా, పేరు మాత్రమే ఒకటా అన్న ప్రశ్నను శాసనాలతో ఎంత వాదించినా ఇరుపక్షాలకూ ఆధారాలు దొరుకుతాయి. రెండు వైపుల నుంచీ ఇష్టపడి లాలాజలం ఇచ్చేవాళ్ళుంటే వై క్రోమోజోము సూటిగా జవాబు చెప్పగలదు. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలూ జన్యుశాస్త్ర శాఖలూ కలిసి చేయదగ్గ పని ఇది.

అయితే ఒక పేరువాళ్ళందరికీ ఒకే వై ఉన్నంత మాత్రాన ఆ పేరు ఒక్కడితోనే మొదలైందని అనలేం. ప్రతి తరంలోనూ కొందరికి కొడుకులు ఉండరు. ఆ శాఖలు ఆగిపోతాయి. 1873లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ దీన్ని గణిత సమస్యగా పెట్టాడు: కొడుకుల సంఖ్య తరానికి ఇంత సగటున ఉంటే, ఎన్ని ఇంటిపేర్లు అంతరించిపోతాయి? హెన్రీ వాట్సన్ అనే గణితవేత్త జవాబు కట్టాడు. జనాభా పెరగని కాలంలో ఎక్కువ శాఖలు మధ్యలోనే ఆరిపోతాయి, మిగిలిన ఒకటి రెండు విస్తరిస్తాయి. పదిమందితో మొదలైన పేరు కూడా ఏడు వందల ఏళ్ళకు ఒక్కడి సంతానంగా మిగలవచ్చు.

ఇక గొలుసు తెగే సందర్భాలు. "ఇంటిపేరు నిలబడాలి" అన్న తపన మనకు తక్కువది కాదు, దానికి తెలుగు సమాజం కనిపెట్టుకున్న మార్గం దత్తత. అన్నదమ్ముల కొడుకును పెంచుకుంటే వై క్రోమోజోము మారదు. కూతురి కొడుకును పెంచుకోవడమూ మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. అప్పుడు ఇంటిపేరు తాతది, వై క్రోమోజోము అల్లుడి వంశానిది. కానీ ఆ మనవడిలో తాత జన్యువులు సుమారు నాలుగో వంతు ఉంటాయి. వై ఒక్కటే చూసే పరీక్ష అతన్ని పరాయివాడని చెబుతుంది, ఆ మాట తప్పు. పరీక్ష ఫలితం వంశచరిత్రతో కలవలేదనగానే ముత్తవ్వ శీలం మీదికి పోయేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. పశ్చిమ యూరప్‌లో భర్త కాని మగవాడి వల్ల బిడ్డ పుట్టి గొలుసు తెగడం తరానికి ఒకటి రెండు శాతమే. 2019లో బెల్జియం, నెదర్లాండ్స్ కుటుంబాల మీద వచ్చిన పరిశోధనలో రైతు కుటుంబాల్లో ఇది సుమారు 1 శాతమే. 19వ శతాబ్దపు కిక్కిరిసిన పట్టణాల్లోని నిరుపేదల్లో 6 శాతం దాకా ఉంది. ఆ తేడాలో పేదింటి ఆడవాళ్ళ నిస్సహాయత నాకు కనిపిస్తుంది. తరానికి 1 శాతమే అనుకున్నా ఇరవై తరాలకు గొలుసు ఎక్కడో ఒకచోట తెగే అవకాశం 18 శాతం.

రాజవంశాలకూ ఇది తప్పలేదు. 1485లో యుద్ధంలో చనిపోయిన ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ ఎముకలు 2012లో లెస్టర్ నగరంలో ఒక కారు పార్కింగ్ కింద దొరికాయి. ఆయన అక్క వైపు, ఆడవాళ్ళ వరసలో దిగివచ్చిన ఇద్దరితో తల్లివైపు డీఎన్ఏ సరిపోయింది. రాతపూర్వక వంశవృక్షం ప్రకారం మగవరసలో బంధువులైన ఐదుగురితో వై క్రోమోజోము సరిపోలేదు. ఆ ఐదుగురిలోనూ ఒకరిది మిగతా నలుగురితో కలవలేదు. మరో ఉదాహరణ నాకు ఇంకా ఇష్టం. యార్క్‌షైర్‌కు చెందిన ఒక తెల్లజాతి ఆంగ్లేయుడిలో, అంతకుముందు పశ్చిమ ఆఫ్రికావాళ్ళలోనే కనిపించిన అతి ప్రాచీన వై శాఖ బయటపడిందని 2007లో ప్రకటించారు. అదే అరుదైన ఇంటిపేరున్న 18 మందిని పరీక్షిస్తే ఏడుగురిలో అదే శాఖ. వాళ్ళెవరికీ ఆఫ్రికా మూలాల సంగతి తెలియదు.

పేరు నిలిచి వై మారిన కథలివి. పేరు పోయి వై నిలిచిన కథలు మన వలసల్లో ఉన్నాయి. 1860 నుంచి 1911 దాకా మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళు చాలామంది. అక్కడ ఇంటిపేర్లు మరుగునపడి, నాయుడు అన్న గౌరవపదమే నాయిడూ అనే ఇంటిపేరై స్థిరపడింది. ఎన్నో వేర్వేరు ఇంటిపేర్లు ఆ ఒక్క పేరు కింద దాగాయి. మారిషస్‌లో తాత పేరో తండ్రి పేరో ఇంటిపేరుగా నిలిచిపోయిన కుటుంబాలున్నాయి. ఆ కుటుంబాల్లో ఎవరైనా విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో తమ శాఖను వెతుక్కోవాలంటే, ఓడల రిజిస్టర్లలోని ఊరిపేరుతో పాటు వై క్రోమోజోము నమ్మదగిన దారి.

ఇంతా చేసి, ఈ వై క్రోమోజోము చెప్పేది మన పూర్వీకుల్లో ఎందరి గురించి? పది తరాలు వెనక్కి వెళ్తే వంశవృక్షంలో 1,024 స్థానాలుంటాయి. ఇంటిపేరు, వై క్రోమోజోము వాటిలో ఒకే ఒక్కరి నుంచి వచ్చాయి. మిగతా 1,023 మంది ఇంటిపేర్లు మన పేరులో లేవు, కానీ వాళ్ళలో ఎందరివో జన్యువులు మనలో ఉన్నాయి. ముఖ్యంగా ఆడవాళ్ళు. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ తరతరానికీ ఇంటిపేరు మార్చుకుంటూ నడుస్తుంది. 1998లో విశాఖపట్నం ప్రాంతపు కులాల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, అంతస్తులో పక్కపక్కనున్న కులాల మధ్య తల్లివైపు డీఎన్ఏలో దగ్గరి పోలిక కనిపించింది. వైలో ఆ వరస లేదు. పెళ్ళి ద్వారా ఒక మెట్టు పైకి వెళ్ళిన ఆడవాళ్ళు కొందరైనా ఉన్నారని, మగవాళ్ళకు ఆ దారి మూసుకుపోయిందని దాని అర్థం.

ఇంటిపేరు పట్టింపు రక్తసంబంధాన్ని దూరం పెడుతుందన్న నమ్మకానికి ఇక్కడే పెద్ద చిక్కు. నూరు తరాల కింద విడిపోయిన సగోత్రీకుణ్ణి వద్దంటాం, మేనమామ కూతుర్ని సంతోషంగా చేసుకుంటాం. మేనరికంలో పుట్టిన బిడ్డలో ఒకే పూర్వీకుడి జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం ఏ జన్యువుకైనా పదహారులో ఒక వంతు. అక్క కూతుర్ని చేసుకుంటే ఎనిమిదిలో ఒక వంతు. మేనమామ కూతురు, మేనత్త కూతురు ఈ లెక్కలో సమానమే అయినా, ఎక్స్ క్రోమోజోము దగ్గర తేడా వస్తుంది. మగవాడి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. కాబట్టి మేనత్త కూతుర్ని చేసుకుంటే పుట్టే ఆడపిల్లకు ఆ క్రోమోజోములో అలాంటి కలయిక ఉండదు. మేనమామ కూతుర్ని చేసుకుంటే అది ఎనిమిదిలో ఒక వంతుకు పెరుగుతుంది. ఇంటిపేరు రెండు సందర్భాల్లోనూ వేరే.

మన జన్యు వారసత్వాన్ని అసలు నిర్ణయించింది పెళ్ళిళ్ళ పరిధి. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాల లెక్క ప్రకారం, ఈ ఉపఖండంలో జనం సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి మధ్యకాలంలో విస్తారంగా కలిసిపోయారు. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. 2017లో వీళ్ళే 260కి పైగా సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాలు, కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చినవాళ్ళుగా పేరున్న ఫిన్లాండు ప్రజల కంటే, అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న) యూదుల కంటే కూడా తక్కువమంది మూలపురుషులు, మూలస్త్రీల నుంచి వచ్చినంత గట్టి పోలిక చూపాయని ప్రకటించారు.

ఇందులో తెలుగువాళ్ళకు దగ్గరి ఉదాహరణ ఆర్యవైశ్యులు. పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి కథలో 102 గోత్రాలవాళ్ళు ఆమె వెంట అగ్నిలో ప్రవేశించారని చెబుతారు. సమూహం కొద్దిమంది పూర్వీకులకు కుదించుకుపోయినట్టు డీఎన్ఏలో కనిపించే ఘట్టం ఆ కథాకాలం కంటే ఎంతో పాతది, రెండు మూడు వేల ఏళ్ళ కిందటిది. రెండింటినీ కలిపి చదవకూడదు. 102 గోత్రాలున్నా, వందల ఇంటిపేర్లున్నా, ఆ కొద్దిమంది పూర్వీకులు అందరికీ ఉమ్మడి. వాళ్ళలో ఎవరికో ఉన్న ఒక జన్యుదోషం ఇవాళ 30 లక్షలకు పైగా ఉన్న సమూహంలో తిరుగుతోంది. అది బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం. మామూలుగా దాని వల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషనుకు ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే మాత్రం, నిమిషాల్లో దిగాల్సిన ప్రభావం గంటల తరబడి ఉంటుంది. అంతసేపూ ఊపిరి వెంటిలేటర్ మీదే. ఇతరుల కంటే వీళ్ళలో ఈ లోపం సుమారు వంద రెట్లు ఎక్కువ.

ఎంజైము స్థాయి మామూలు రక్తపరీక్షలో తెలుస్తుంది, తక్కువగా ఉంటే మత్తు డాక్టరు వేరే మందు ఎంచుకుంటారు. ఈ లోపం తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, రెండు దోషపూరిత ప్రతులు కలిస్తేనే బయటపడుతుంది. అందుకే ఒకరిలో కనిపించగానే తోబుట్టువులకు చెప్పాలి, బాబాయి పెదనాన్న పిల్లలకు చెప్పాలి, వేరే ఇంటిపేరున్న మేనమామ ఇంటికీ పిన్ని ఇంటికీ కూడా అంతే తొందరగా ఫోను చేయాలి.