ఆవకాయ ముక్కలో అగ్నిపర్వతం గడియారం

విశాఖ నుంచి ఓడలో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లొచ్చిన ఒక పాఠకురాలు ఈ మధ్య నాకో ప్రశ్న పంపారు. అండమాన్‌లోని బారెన్ దీవి మన దేశంలో నిప్పు కక్కే ఒకే ఒక్క అగ్నిపర్వతం కదా, దాని కింద ఏముందో, ఎంత లోతులో ఉందో లెక్కలు చెబుతుంటారు, ఎవరైనా దిగి చూసొచ్చారా అని.

దిగినవాళ్లు లేరు. బోరు వేసి తగిలించుకున్నవాళ్లు ఉన్నారు, అదీ అనుకోకుండా. 2009లో ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లా దగ్గర భూమి వేడిని వాడుకుందామని తవ్వుతుంటే, రెండు కిలోమీటర్లు దాటాక మాగ్మా తగిలింది. మన ఊళ్లలో బోరుకు నీళ్లు పడకపోతే దిగులు, వాళ్లకు ఏకంగా కరిగిన రాయి పడింది! ప్రతిచోటా అలా జరగదు కాబట్టి, లోపలి సంగతి లోపల్నుంచి వచ్చినవాటినే అడగాలి. అంటే లావాలో కొట్టుకొచ్చిన స్ఫటికాలను.

లావా మొత్తం ద్రవం కాదు. అందులో ముందే గడ్డకట్టిన గింజలు చాలాసార్లు ఉంటాయి. ఆకుపచ్చ ఆలివిన్, తెల్లటి ప్లాజియోక్లేజ్, నల్లటి పైరాక్సిన్. బారెన్ దీవి రాళ్లలో ఈ మూడూ ఉన్నాయి. నేల కింద ఉండగానే పొర మీద పొరగా పెరిగినవి ఇవి. ఏ పొర కట్టినప్పుడు చుట్టూ ఎలాంటి మాగ్మా ఉందో ఆ పొర రసాయనంలో తెలుస్తుంది. దీనికి చెట్టు కాండంలోని వలయాల పోలిక అందరూ చెప్పేదే. నాకు నచ్చిన పోలిక మాత్రం వంటింట్లో ఉంది.

ఆవకాయ కలిపిన మర్నాడు ఒక ముక్క అడ్డంగా కోయండి. అంచు ఎర్రగా, లోపల తెల్లగా ఉంటుంది. ఊట ఎంత లోపలికి ఇంకిందో కొలిస్తే ఆవకాయ ఏ రోజు పెట్టారో చెప్పేయవచ్చు. స్ఫటికం కథా ఇదే. మూడోనాడు జాడీ తీసి తిరగకలిపి, ఉప్పు చూసి, ఇంకాస్త నూనె పోస్తాం కదా, అలాగే పాత మాగ్మాలోకి కింది నుంచి కొత్త మాగ్మా వచ్చి కలుస్తుంది. అప్పుడు పాత గింజ మీద కొత్త రసాయనంతో ఇంకో పొర కడుతుంది. రెండు పొరల మధ్య గీత మొదట కత్తితో గీసినంత స్పష్టంగా ఉంటుంది. ఆ తర్వాత ఇనుము, మెగ్నీషియం అయాన్లు అటువి ఇటు, ఇటువి అటు చోటు మార్చుకుంటూ గీతను మసకబారుస్తాయి. కొండ బద్దలై లావా బయటపడి చల్లారగానే ఆ కదలిక ఆగిపోతుంది, జాడీని ఫ్రిజ్‌లో పెట్టేసినట్టు. ఆ మసకను ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్‌తో, అంటే గింజలో చిన్న చిన్న చోట్ల రసాయనం చెప్పే పరికరంతో కొలిస్తే, కొత్త మాగ్మా వచ్చాక ఎన్నాళ్లకు కొండ పేలిందో లెక్క తేలుతుంది.

ఈ గడియారం సూటిగా నడవదు. మసక వెడల్పు కాలంతో కాదు, కాలం వర్గమూలంతో పెరుగుతుంది. మొదటి రోజుకు ఒక మిల్లీమీటరు ఇంకితే, రెండు మిల్లీమీటర్లకు నాలుగో రోజు, మూడింటికి తొమ్మిదో రోజు రావాలి. 1100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆలివిన్‌లో ఇది ఏడాదికి పదుల మైక్రాన్ల మేర, అంటే తలవెంట్రుక మందం కూడా ఉండదు. వేడి కాస్త తగ్గితే వేగం బాగా పడిపోతుంది. పైగా దిశ కూడా చూడాలి. ఆలివిన్‌లో ఒక అక్షం వెంట మార్పిడి మిగతా రెండింటి కంటే సుమారు ఆరు రెట్లు వేగం, పీచు మామిడిలో ఊట పీచు వెంట జారినట్టు. గింజను ఏ దిశలో కోశామో చూసుకోకపోతే నెలలు కాస్తా ఏళ్లవుతాయి. ప్లాజియోక్లేజ్ సంగతి వేరు, అది ముక్కకు అంటిన టెంక లాంటిది. అందులో కాల్షియం, సోడియం చోటు మారాలంటే అల్యూమినియం, సిలికాన్ కూడా మారాలి. అవి స్ఫటికం చట్రంలో బిగిసి ఉంటాయి, త్వరగా కదలవు. అందుకే పాత పొరలు వేల ఏళ్లయినా చెరగవు. దాంట్లో గడియారం కావాలంటే వేగంగా కదిలే మెగ్నీషియంను చూస్తారు.

లోతుకు వేరే ఆధారం ఉంది. గింజ పెరిగేటప్పుడు చిన్న మాగ్మా చుక్క లోపల చిక్కుకుని గాజులా మిగులుతుంది. అందులో కరిగిన నీరు, కార్బన్ డయాక్సైడ్ కొలుస్తారు. గోలీసోడాలో లాగే, ఒత్తిడి ఎక్కువైతే గ్యాస్ ఎక్కువ కరుగుతుంది, ఒత్తిడి తెలిస్తే లోతు తెలుస్తుంది. చుక్కలో చిన్న బుడగ కూడా ఉంటే దాంట్లోని గ్యాస్‌నూ లెక్కలోకి తీసుకోవాలి. మరిచిపోతే లోతు తక్కువగా వస్తుంది. ఇంత చేసినా కొన్ని కిలోమీటర్ల తేడా మామూలే.

బడిలో బొమ్మ గుర్తుందా? కొండ కింద ఎర్రటి పెద్ద బుడగ, నిండా లావా. ఏళ్ల తరబడి పిల్లల చేత అదే గీయించాం, ఇప్పటికీ గీయిస్తున్నాం. స్ఫటికాలు చెప్పేది వేరు. అమెరికాలోని మౌంట్ హుడ్ రాళ్ల మీద 2014లో వచ్చిన పరిశోధన ప్రకారం అక్కడి స్ఫటికాల వయసు కనీసం 21 వేల ఏళ్లు. అందులో 88 శాతానికి పైగా కాలం అవి పైకి పారలేనంత చల్లటి స్థితిలో గడిపాయి. కింద ఉన్నది చెరువు కాదన్నమాట, అడుగున పిండీ ముక్కలూ బిగుసుకున్న జాడీ. గింజల సందుల్లో కొంచెం ద్రవం ఉంటుంది, నూనెలా పైకి తేరాలి.

తేరడానికి ఎంత కాలం? గ్రీస్‌లోని సాంటొరీని దీవి సుమారు 3,600 ఏళ్ల కిందట ఘోరంగా బద్దలైంది. అంతకు ముందరి పెద్ద పేలుడుకూ దీనికీ మధ్య 18 వేల ఏళ్ల విరామం. కానీ స్ఫటికాల లెక్కలో భారీగా కొత్త మాగ్మా చేరింది చివరి నూరేళ్లలోపే, చివరి విడత నెలల ముందే. కోస్టారికాలోని ఇరాజు 1963లో పేలినప్పుడు వచ్చిన కొన్ని ఆలివిన్‌లలోని నికెల్ పొరలు చూస్తే, మాగ్మా భూమి మాంటిల్ నుంచి, అంటే పైపెంకు కింది పొర నుంచి, నెలల్లో, మహా అయితే కొన్నేళ్లలో పైకొచ్చినట్టు తేలింది.

ఇక్కడ వైజాగ్‌వాళ్లకు ఒక మాట. బీచ్‌లో అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే ఎర్ర చార గార్నెట్ అనే ఖనిజం. అది అగ్నిపర్వతం నుంచి వచ్చింది కాదు. మన కొండల ఖోండలైట్ రాయిలో, వేడికీ ఒత్తిడికీ రాయి పూర్తిగా కరగకుండానే పుట్టింది. గోమేధికం కూడా ఈ కుటుంబమే. వేలికి పెట్టుకుంటే రాహువు శాంతిస్తాడో లేదో గానీ, సానబట్టించే ముందు ఒకసారి మైక్రోస్కోప్ కింద చూస్తే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మళ్లీ బారెన్ దీవికొస్తే, అది వందేళ్లకు పైగా నిద్రపోయి 1991లో లేచింది. కాబట్టి పాఠకురాలికి నా జవాబు ఇది. కింద ఎంత ఉందన్నది సగం ప్రశ్నే, బిగుసుకున్నది ఎంత త్వరగా కదులుతుందన్నది మిగతా సగం.

వర్గమూలం లెక్క సరిచూద్దామని ఈ వేసవిలో మా జాడీలోంచి ఒకటి, నాలుగు, తొమ్మిది రోజులకు ఒక్కో ముక్క తీద్దామనుకున్నాను. నాలుగో రోజే మా ఆవిడకు దొరికిపోయాను. స్నానం చేయకుండా జాడీ ముట్టుకుంటావా అని గొడవ. మైల సంగతి నేను నమ్మను గానీ, తడి చేయి తగిలితే బూజు పడుతుందన్న మాట నిజమే, కాబట్టి వాదించలేకపోయాను. తొమ్మిదో రోజు కొలత లేదు.