రక్తం వస్తోందని బ్రష్ మానేశారా?

మొన్న సోమవారం పొద్దుటి పూట వచ్చినవాళ్లలో ముగ్గురు ఒకటే మాట. "బ్రష్ పెడితే రక్తం వచ్చేత్తందండి డాక్టరమ్మగారూ, అందుకే మానేసి వేలితో పళ్లపొడి రుద్దుకుంటన్నాను." ఎవరు చెప్పారలా చేయమని అంటే ఒకరు తోడికోడలన్నారు, ఒకరు పక్కింటాయనన్నారు, మూడో ఆయన ఫోన్ తీసి వీడియో చూపించబోయారు. చూడనన్నాను. కోనసీమలో పదిహేనేళ్లుగా పళ్ల వైద్యం చేస్తున్నాను. ఈ ఒక్క మాట నమ్మి పళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఎంతమందో.

అపోహ: చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే బ్రష్ చేయకూడదు.

వాస్తవం: అక్కడే చేయాలి. మెత్తటి బ్రష్‌తో, రెండు పూటలా.

చాలామందిలో ఆ రక్తం బ్రష్ గుచ్చుకుని వచ్చేది కాదు. పంటికీ చిగురుకీ మధ్య అంచులో పాచి రోజుల తరబడి ఉండిపోతే చిగురు వాచి ఎర్రబడుతుంది. అలా వాచిన చిగురు తాకితే చాలు, రక్తమే. అది చూసి భయపడి అక్కడ బ్రష్ పెట్టడం మానేస్తారు. పాచి ఇంకా పేరుకుంటుంది, చిగురు ఇంకా వాస్తుంది. ఆ పాచే గట్టిపడి గార అవుతుంది. గార పట్టాక ఏ బ్రషూ, ఏ పేస్టూ వదిలించలేదు. 1965లో డెన్మార్క్‌లో చిగుళ్లు బాగున్న 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించి చూశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలెట్టాక కొద్ది రోజుల్లోనే మామూలయ్యాయి. అరవై ఏళ్ల నాటి సంగతి ఇది. మన వాట్సాప్ గ్రూపులకు ఇంకా చేరలేదు.

లంక ఊరి నుంచి ఒకావిడ వచ్చారు. నలభై దాటాయి, షుగరుంది. బ్రష్ ముట్టుకుని రెండేళ్లయిందట. కింద ముందు పళ్లు నాలుగూ నాలికతో నెడితే కదులుతున్నాయి. ఎక్స్‌రే తీస్తే వాటిని పట్టుకున్న ఎముక సగానికి పైగా కరిగిపోయింది. "వాపు తగ్గుతుందమ్మా, పోయిన ఎముక మాత్రం దానంతటది రాదు" అన్నాను. వెనక నిలబడ్డ భర్త, "అంటే లంక కోతకి పోయినట్టేనాండి?" అన్నాడు. సరిగ్గా అంతే. వరద ఎక్కితే దిగుతుంది, గోదారి కోసుకుపోయిన నేల తిరిగి రాదు. ఇన్నేళ్లలో నాకు తట్టని పోలిక అది, ఇప్పుడు అందరికీ అదే చెబుతున్నాను. ఆవిడ మాత్రం "నా బుద్ధి తక్కువండీ" అంటూ ఏడ్చారు. ఆవిడ తప్పేముంది? రక్తం చూస్తే ఎవరికైనా టెన్షనే.

సరే, తోమడం ఎలాగ? అడ్డంగా రంపం లాగినట్టు లాగకండి. బ్రష్ కుచ్చు సగం చిగురు అంచు మీద, సగం పంటి మీద ఆనేలా ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో పట్టుకోండి. ఉన్నచోటే చిన్నగా కదిలించి, చిగురు నుంచి పంటి కొసవైపు తుడవండి. పై పళ్లకు కిందికి, కింది పళ్లకు పైకి. ఒకసారికి రెండు మూడు పళ్లు, మొత్తం రెండు నిమిషాలు. కింది ముందు పళ్ల వెనక వైపు దాదాపు అందరూ వదిలేస్తారు, గార బాగా పట్టేదీ అక్కడే. మొదటి వారం రక్తం వస్తుంది, ఉమ్మేసి కానివ్వండి. రెండు వారాలైనా తగ్గకపోతే లోపల గార ఉండి ఉంటుంది, చూపించుకోండి.

ఒక్క జాగ్రత్త. జ్వరంతో పాటు చిగుళ్ల నుంచి రక్తం వస్తే, అందులోనూ డెంగీ రోజుల్లో, నా దగ్గరికి కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి, మందులు మీ అంతట మీరు ఆపకండి. గర్భిణులకు హార్మోన్ల వల్ల చిగుళ్లు త్వరగా వాస్తాయి. కాబట్టి "ఒట్టి మనిషి కాదు, బ్రష్ పెట్టకు" అనే అత్తగార్లు దయచేసి ఆ మాట మానండి. చుట్ట కాల్చేవాళ్లది రివర్సు. పొగ వల్ల రక్తం తక్కువ వస్తుంది, రావట్లేదు కదా అని ధీమాగా ఉంటారు, లోపల ఎముక పోతూనే ఉంటుంది.

మిగతావి గబగబా. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయా? కావు. అలా అనిపించిందంటే ఎముక ఎప్పుడో పోయింది, ఇన్నాళ్లూ గారే సిమెంటులా పట్టి ఉంచింది. పై పన్ను పీకిస్తే చూపు పోతుందా? పోదు, పోదు, పోదు. వేపపుల్ల మంచిదేనా? అలవాటుంటే నమలండి, కానీ పేస్టులో ఉండే, పళ్లు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ అందులో లేదు, లోపలి వైపుకి పుల్ల చేరదు. కచ్చిక (కాల్చిన పిడక), బొగ్గు పొడి వద్దు, పళ్లు అరుగుతాయి. పేస్టు పెద్దలకు బఠాణీ గింజంత చాలు, మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత. తోమాక నురగ ఉమ్మేయండి, చెంబుడు నీళ్లు పోసి పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది.

గట్టి బ్రష్ అయితేనే శుభ్రం అనేది మా ఇంట్లోనే పోగొట్టలేకపోయాను. మా అమ్మది పాలకొల్లు, పళ్లు తోముతుంటే పక్క గదిలోకి వినిపిస్తుంది. చిగుళ్ల దగ్గర పళ్లు గాడి పడ్డాయి, నిరుడు ఎండల్లో చల్లటి మజ్జిగ కూడా తాగలేకపోయింది, జివ్వుమని. "ఇంత చదివించి నిన్ను డాక్టర్ని చేస్తే నాకే చెబుతావేంటే" అంటూనే మెత్తటి బ్రష్ కొనుక్కుంది. పాతది పారేయమంటే పారేయలేదు. కార్తీకంలో ఇత్తడి కుందులు దాంతోనే తోమింది.