విండోస్ తీసేసినా ధర ఎందుకు తగ్గదు? 2008లో పడిన ముడి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేశాక పాత గొడవ మళ్లీ పైకొచ్చింది. ఎలాగూ కొత్త లాప్‌టాప్ కొనాలి కాబట్టి ఈసారి విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వేసి అమ్మేదే కొందామని బయల్దేరినవాళ్లు ధర చూసి ఆగిపోతున్నారు. ఓఎస్ ఉచితమే కదా, మరి రేటు విండోస్ మోడల్‌తో సమానంగా, ఒక్కోచోట ఇంకా ఎక్కువగా ఎందుకుంది? తయారీ కంపెనీలు ఒక జవాబు చెబుతాయి, కొనేవాళ్లు ఇంకొకటి చెబుతారు. ఆ రెండు జవాబులూ 2008 ప్రాంతంలో తయారైనవే.

అంతకు ముందు కథ చాలామందికి తెలిసిందే. విండోస్ వేసినా వేయకపోయినా కంప్యూటర్‌కు ఇంత చొప్పున మైక్రోసాఫ్ట్‌కు కట్టే ఒప్పందాలు, 1994లో అమెరికా న్యాయశాఖ వాటికి వేసిన అడ్డుకట్ట, వాడని విండోస్‌కు డబ్బు వాపసు ఇమ్మంటూ 1999 ఫిబ్రవరి 15న జరిగిన నిరసన... వాటి జోలికి మళ్లీ పోనక్కర్లేదు. అప్పట్లో లెక్క సూటిగా ఉండేది. లైసెన్సు ఖర్చు ధరలో కలుస్తుంది, లైసెన్సు వద్దంటే ధర అంత తగ్గాలి. ఆ లెక్క ఎక్కడ చెడిందన్నదే ఇవాళ్టి ప్రశ్న.

2007 మే నెలలో డెల్ ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేసిన కంప్యూటర్లను అమెరికాలో అమ్మకానికి పెట్టింది. మొత్తం మూడు మోడళ్లు, అందులో లాప్‌టాప్ ఒకటే. విండోస్ వెర్షన్ కన్నా సుమారు 50 డాలర్లు తక్కువన్నారు. కానీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు ఆ తేడా నిలకడగా కనిపించలేదు. విండోస్ మోడళ్లకు ఆఫర్లు పడేవి, ఉచితంగా మెమరీ పెంచేవారు, కూపన్లు వచ్చేవి. ఉబుంటు మోడళ్లు మాత్రం ఓ మూలన అదే ధరతో ఉండిపోయేవి. ఆఫర్ ఉన్న వారం విండోస్ మెషినే చవక.

ఆఫర్ల సంగతి అందరికీ కనిపించేదే. కనిపించని డబ్బు ఇంకొకటి ఉంది. కొత్త విండోస్ లాప్‌టాప్ తెరవగానే డెస్క్‌టాప్ నిండా ఐకాన్లు: కొన్ని రోజులే పనిచేసే యాంటీవైరస్, ఫొటో సాఫ్ట్‌వేర్ ట్రయల్, బ్రౌజర్‌లో ఎవరూ అడగని టూల్‌బార్. అవన్నీ అక్కడ ఊరికే చేరలేదు. ఆ చోటు కోసం సాఫ్ట్‌వేర్ కంపెనీలు లాప్‌టాప్ తయారీదారుకు డబ్బు కడతాయి. లైసెన్సుకు పోయేదాంట్లో కొంత ఇలా తిరిగి వచ్చేస్తుంది. లినక్స్ వేస్తే లైసెన్సు ఖర్చు మిగిలినా ఈ రాబడి ఉండదు.

ఈ రాబడి ఎంతన్నది కంపెనీలు చెప్పవు. 2008 మార్చిలో మాత్రం సోనీ దగ్గర ఓ అంకె నోరుజారింది. వయో టీజెడ్ లాప్‌టాప్‌ను ఆన్‌లైన్‌లో మనకు కావలసినట్టు ఎంచుకునే పేజీలో 'ఫ్రెష్ స్టార్ట్' అని కొత్త ఆప్షన్ వచ్చింది. దానికి టిక్ పెడితే ఆ ట్రయల్ సరుకంతా తీసేసి శుభ్రమైన మెషిన్ పంపిస్తారు. ధర 49.99 డాలర్లు. చెత్త వేసినందుకు కాదు, వేయకుండా ఉన్నందుకు కొనేవాడే 50 డాలర్లు కట్టాలన్నమాట! గగ్గోలు పుట్టగానే సోనీ ఆ రుసుము ఎత్తేసింది. సరిగ్గా ఆ 50 డాలర్లే ట్రయల్ సాఫ్ట్‌వేర్ రాబడి అనుకోనక్కర్లేదు. కానీ ఆ ఐకాన్లకు కంపెనీ దగ్గర ఓ రేటు ఉందని కొనేవాళ్లకు తెలిసిపోయింది. ఈ గొడవంతటికీ అసలు తాళంచెవి ఎక్కడుందంటే నేను ఆ పేజీనే చూపిస్తాను. లైసెన్సు ధర ఒక్కదాన్నే పట్టుకుని ఎంత వాదించినా లెక్క తేలకపోవడానికి కారణం ఇదే.

అదే ఏడాది నెట్‌బుక్‌ల (చవకైన చిన్న లాప్‌టాప్‌ల) దగ్గర రెండో ముడి పడింది. 2007 చివర్లో ఆసుస్ ఈఈఈ పీసీ వచ్చింది. 7 అంగుళాల తెర, 4 జీబీ ఫ్లాష్ నిల్వ, లోపల క్జాండ్రోస్ లినక్స్. వచ్చీరాగానే బాగా అమ్ముడుపోయింది. మైక్రోసాఫ్ట్ చేతిలో అప్పుడున్న కొత్త ఓఎస్ విస్టా, అది ఇంత చిన్న మెషిన్ మీద కదలదు. 2008 జూన్‌తో అమ్మకం ఆపేయాల్సిన పాత విండోస్ ఎక్స్‌పీ హోమ్‌కు అందుకే ఈ చిన్న లాప్‌టాప్‌ల వరకు గడువు పొడిగించారు. మామూలు లైసెన్సు కన్నా బాగా తక్కువ ధరకు ఇచ్చారని అప్పట్లో వార్తలు వచ్చాయి. తెర ఇంతకు మించకూడదు, మెమరీ 1 జీబీ దాటకూడదు వంటి షరతులూ ఉండేవి. నెట్‌బుక్‌లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి ఇందుకే.

ఆ వసంతంలో వచ్చిన ఈఈఈ పీసీ 900ను చూస్తే చాలు. ఎక్స్‌పీ ఉన్నదానికీ లినక్స్ ఉన్నదానికీ అమెరికాలో ధర ఒక్కటే, 549 డాలర్లు. తేడా నిల్వలో ఉంది: ఎక్స్‌పీకి 12 జీబీ, లినక్స్‌కు 20 జీబీ. లైసెన్సు మీద మిగిలినది కొనేవాడి జేబులోకి రాలేదు, 8 జీబీ ఫ్లాష్‌గా మారింది. ఇది అన్యాయమేమీ కాదు, నిజానికి మంచి బేరమే. కానీ రెండు రకాలకూ ఒకే ధర అన్నది దుకాణాల్లో అలవాటైపోయింది, ఓఎస్ విలువ ధరలో విడిగా కనబడటం ఆగిపోయింది.

కంపెనీల జవాబు కూడా అప్పటిదే. లినక్స్ మెషిన్లు తక్కువ అమ్ముడవుతాయి. విడిగా పరీక్షించాలి, వై-ఫై దగ్గర్నుంచి స్లీప్ దాకా డ్రైవర్లు (భాగాలను నడిపే చిన్న సాఫ్ట్‌వేర్లు) సరిచూడాలి, సపోర్టుకు వేరే మనుషులు కావాలి, స్టాకు వేరుగా పెట్టాలి. ఇందులో అబద్ధం లేదు. లినక్స్ నెట్‌బుక్‌లు విండోస్ వాటికన్నా నాలుగింతలు వెనక్కి వస్తున్నాయని 2008లో నెట్‌బుక్‌ల తయారీ కంపెనీ ఎంఎస్ఐ ప్రతినిధి చెప్పిన మాటను ఇప్పటికీ తిప్పితిప్పి వాడుతుంటారు. తమ దగ్గర రెండింటి వాపసులూ దాదాపు సమానమేనని డెల్ 2009లో చెప్పింది. దాన్ని ఎత్తేవాళ్లు మాత్రం తక్కువ.

ధర విడిగా చెప్పించాలని కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు. 2008లోనే ఫ్రాన్స్‌లో ఒకాయన విండోస్ ఉన్న సోనీ లాప్‌టాప్ కొని, లైసెన్సు షరతులకు ఒప్పుకోనంటూ దాని వరకు డబ్బు తిరిగి ఇమ్మన్నాడు. కావాలంటే లాప్‌టాప్ మొత్తం వాపసు ఇచ్చెయ్, విడిగా మాత్రం ఇవ్వమంది కంపెనీ. కేసు నడిచి నడిచి యూరోపియన్ యూనియన్ న్యాయస్థానానికి చేరింది. ఓఎస్‌తో కలిపి తప్ప అమ్మకపోవడం దానికదే అక్రమ వ్యాపార పద్ధతి కాదనీ, ఒక్కో సాఫ్ట్‌వేర్ ధర విడిగా చెప్పకపోవడం మోసగించడం కిందికి రాదనీ 2016 సెప్టెంబర్‌లో తీర్పు వచ్చింది. కంపెనీలకు అది పెద్ద ఊరట. ఇటలీలో గాలి వేరుగా వీచింది. వాడని విండోస్‌కు డబ్బు తిరిగివ్వాలని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2014లోనే తేల్చింది. 42 యూరోల లైసెన్సు వాపసు కేసును అప్పీళ్లతో సాగదీసినందుకు మోంజా కోర్టు 2020లో లెనోవోకు 20,000 యూరోల వడ్డన వేసింది.

తర్వాతి ఏళ్లలో లినక్స్ లాప్‌టాప్‌లు పెరిగాయి కానీ పైమెట్టు మీదే. డెల్ 2012 చివర్లో తెచ్చిన ఎక్స్‌పీఎస్ 13 డెవలపర్ ఎడిషన్ సుమారు 1,500 డాలర్ల సరుకు. లెనోవో 2020లో ఫెడోరా లినక్స్ వేసింది కూడా థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ వంటి ఖరీదైన వాటి మీదే. చవక మోడళ్లలో పోటీ రానివ్వకుండా మైక్రోసాఫ్టే దిగివచ్చింది. 250 డాలర్లలోపు అమ్మే పరికరాలకు విండోస్ 8.1 లైసెన్సును 50 డాలర్ల నుంచి 15కు తగ్గించినట్టు 2014లో వార్తలొచ్చాయి. అంత తక్కువైనప్పుడు దాన్ని తీసేసి మిగుల్చుకునేది ఎంతని? సిస్టమ్76, టక్సీడో వంటి లినక్స్ కంపెనీల పరిస్థితి ఇంకా ఇరుకు. పెద్ద కంపెనీల స్థాయిలో విడిభాగాలు కొనలేవు, ట్రయల్ సాఫ్ట్‌వేర్ డబ్బు రాదు, ఫర్మ్‌వేర్ (మెషిన్ లోపలి భాగాల్లోనే ఉండే సాఫ్ట్‌వేర్) పని చేసేవాళ్లకు జీతాలివ్వాలి. వాటి ధర ఎక్కువంటే దోపిడీ అనుకోవడం తొందరపాటు.

పెద్ద కంపెనీలకు ఆ సాకు లేదు. కొన్ని ఎక్స్1 కార్బన్ మోడళ్లకు విండోస్ బదులు లినక్స్ ఎంచుకుంటే 140 డాలర్లు తగ్గుతుందని 2025లో లెనోవో అమెరికా సైటే చూపించింది. ఫ్రేమ్‌వర్క్ కంపెనీ అయితే విడిభాగాలుగా అమ్మే లాప్‌టాప్‌కు విండోస్‌ను ప్రత్యేకంగా కొనుక్కోమంటుంది. 140 డాలర్లంటే విండోస్ హోమ్‌ను విడిగా కొనే ధరకు దగ్గరి అంకె, తయారీదారు మైక్రోసాఫ్ట్‌కు కట్టే మొత్తం అదే అనుకోకూడదు. అయినా తగ్గింపు సాధ్యం కాదన్న వాదనకు ఆ పేజీ దగ్గర జవాబు లేదు. కొనేవాళ్లు ఇప్పుడు అడుగుతున్నది అదే తేడాను మిగతా మోడళ్లకూ చూపించమని.