ఫారిన్ డాక్టర్లు వచ్చేదాకా ఆగాలా? పిల్లల సర్జరీపై అపోహలు - వాస్తవాలు

“ఫారిన్ డాక్టర్లు వస్తారంట గదా సామీ, వాళ్లొచ్చేదాకా ఆగితే కాదా?” అని అడిగింది ఓ అవ్వ, తిరుపతిలో మా వార్డు ముందు నిలబడి. చేతిలో రెండు రోజుల మనవడు. మదనపల్లె అవతల నుంచి తెచ్చారు. నోట్లోంచి నురగ ఆగడం లేదు. పాలు పట్టినప్పుడల్లా నీలంగా మారిపోతున్నాడు. సన్నటి ట్యూబు నోట్లోంచి దించితే పది సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. అన్నవాహిక మధ్యలోనే మూసుకుపోయి పుట్టాడు. ఇలాంటి బిడ్డకు ఆగే టైమ్ ఉండదు.

పిల్లల సర్జన్‌గా కొన్నేళ్లుగా ఒక విదేశీ యూనివర్సిటీ టీమ్‌తో కలిసి పనిచేస్తున్నాను. అవ్వ అడిగిందే చదువుకున్నవాళ్లూ ఇంకో రకంగా అడుగుతుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: భాగస్వామ్యం అంటే విదేశీ సర్జన్లు వచ్చి ఉచితంగా ఆపరేషన్లు చేసి వెళ్లడం.

వాస్తవం: గ్రహణమొర్రి లాంటి వాటికి అలాంటి క్యాంపులు పనికొస్తాయి. కానీ పేగు మూసుకుపోయి పుట్టిన బిడ్డకు కావలసింది ఈ రాత్రి డ్యూటీలో ఉన్న టీమ్. ఐదో రోజు కుట్ల దగ్గర లీకైతే చూసుకోవలసిందీ వాళ్లే. కాబట్టి అసలు పని ఏళ్ల తరబడి సాగే శిక్షణ. అదీ సర్జన్‌కు ఒక్కడికే కాదు, అనస్థీషియా డాక్టర్‌కు, నర్సుకు, మెషీన్లు బాగుచేసే టెక్నీషియన్‌కు కూడా. నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట విరాళంగా వచ్చిన అనస్థీషియా మెషీన్ ఒక సెన్సర్ దొరక్క మూడేళ్లు మూలన పడి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. రిపేరు నేర్పకుండా మెషీన్ పంపితే అది సాయం కాదు.

అపోహ: సర్జన్ చెయ్యి మంచిదైతే చాలు.

వాస్తవం: 2021లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 74 దేశాల్లోని 264 ఆసుపత్రులు పేగులు, అన్నవాహిక, పొట్ట గోడ లోపాలతో పుట్టిన పిల్లల వివరాలు రాసిపెట్టాయి. ధనిక దేశాల్లో 5.6 శాతం మంది చనిపోతే, మధ్యాదాయ దేశాల్లో 20.4, పేద దేశాల్లో 39.8 శాతం మంది చనిపోయారు. జబ్బులు అవే. ఆసుపత్రికి చేరేసరికే ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకడం, వెంటిలేటర్ లేకపోవడం, నరం ద్వారా పోషకాలు ఎక్కించే వీలు లేకపోవడం పిల్లల ప్రాణాలు తీస్తున్నాయి.

అవ్వ మనవడు వచ్చేసరికి ఒళ్లు చల్లబడిపోయి ఉంది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా పట్టుకుంది. ఇంట్లోవాళ్లను ఏమంటాం? బిడ్డ తాగకపోతే ఉగ్గుగిన్నెతోనైనా పట్టాలనే ఎవరైనా చూస్తారు. ఆ వారం వీడియో కాల్‌లో ఈ కేసు చెప్పాం. అవతలి టీమ్‌లోని నర్సు ఆపరేషన్ గురించి ఒక్క మాటా అడగలేదు. “మూడు గంటల ప్రయాణంలో నురగ ఎవరు తీశారు? ఎన్ని నిమిషాలకోసారి?” అంది. మా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాతే మా స్టాఫ్ నర్సులు కూర్చుని, ఇలాంటి బిడ్డలను మా దగ్గరికి పంపే పీహెచ్‌సీల కోసం అరచేతంత కార్డు ఒకటి తెలుగులో రాశారు. నురగ కక్కే బిడ్డకు పాలు పట్టొద్దు. ట్యూబు వేసి చూడండి. తల ఎత్తుగా పెట్టండి. పది నిమిషాలకోసారి నురగ తీయండి. టోపీ పెట్టి వెచ్చగా ఉంచండి.

అపోహ: వాళ్లు నేర్పుతారు, మనం నేర్చుకుంటాం.

వాస్తవం: తలలో నీరు చేరిన పిల్లలకు షంట్ వేస్తారు, అంటే ఆ నీటిని బయటికి మళ్లించే సన్నటి గొట్టం. అది మూసుకుపోతే వెంటనే ఆసుపత్రికి రావాలి. ఉగాండాలోని మబాలేలో దూరపు పల్లెల పిల్లలు అంత త్వరగా రాలేరు. అందుకే అక్కడ పనిచేసిన అమెరికన్ సర్జన్ బెంజమిన్ వార్ఫ్ షంట్ లేకుండా ఎండోస్కోపీతోనే నీటికి దారి చేసే పద్ధతిని అభివృద్ధి చేశారు. అది తర్వాత బోస్టన్‌కు వెళ్లింది. మన దేశంలో తయారయ్యే చవకైన ఛాబ్రా షంట్‌ను ఖరీదైన అమెరికా షంట్‌తో పోల్చి చూసిందీ ఆ ఉగాండా ఆసుపత్రిలోనే. ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పిల్లల సర్జరీ కోసం 2016లో మొదలైన అంతర్జాతీయ వేదిక గిక్స్ కూడా 2018లో మన చిత్తూరుకు గంట దూరంలోని వేలూరులోనే సమావేశమైంది.

అపోహ: రీసెర్చ్ అంటే మన పిల్లల మీద ప్రయోగాలు.

వాస్తవం: చాలావరకు అది లెక్క రాయడమే. కొత్త చికిత్సను పరీక్షించాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకం ఉండాలి. వద్దంటే మామూలు వైద్యం ఆగదు. అయితే మన లెక్కలు తీసుకెళ్లి, మనవాళ్ల పేర్లు లేకుండా పరిశోధన పత్రం వేసుకునే పద్ధతిని నేను ఒప్పుకోను. ఒప్పందం రాసుకునే రోజే అది తేల్చుకోవాలి.

అవ్వ మనవడికి న్యుమోనియా కాస్త తగ్గాక మేమే ఆపరేషన్ చేశాం. పదో రోజు నోటితో పాలు తాగాడు. పోయిన నెల ఓ పీహెచ్‌సీ నుంచి నర్సమ్మ ఫోన్ చేసింది. “సార్, ట్యూబు పది సెంటీమీటర్ల కాడ ఆగిపోయింది. పాలు పట్టలేదు. తల ఎత్తి పెట్టి అంబులెన్స్ ఎక్కిస్తున్నాం.”