ఆరడుగుల తొట్టిలో ఎవరి పక్కన ఎవరు?

అక్వేరియం కొట్లో ఆస్కార్ పిల్ల అగ్గిపెట్టె అంత ఉంటుంది. పక్క తొట్టిలో సెవరం పిల్లలు, ఆ పక్కన ఏంజెల్, పై వరసలో డిస్కస్. అన్నీ సిక్లిడ్ అనే చేపల కుటుంబంలోని దక్షిణ అమెరికా రకాలే, అన్నీ ఇంచుమించు ఒకే సైజు, అన్నీ బుద్ధిగా తిరుగుతుంటాయి. తలా రెండు తెచ్చి ఒకే తొట్టిలో వేస్తే మొదటి మూడు నాలుగు నెలలు ఏ గొడవా ఉండదు. ఏడాది తిరిగేసరికి ఆస్కార్ పాతిక సెంటీమీటర్లు అవుతుంది, ఏంజెల్ చిరిగిన రెక్కలతో మూలన నిలబడుతుంది, డిస్కస్ తిండి మానేసి నల్లబడుతుంది. దక్షిణ అమెరికా అన్న చీటీ చూసి చేపల్ని జత చెయ్యడం, నెల్లూరూ శ్రీనగరూ ఒకే దేశంలో ఉన్నాయి కదా అని రెండు ఊళ్లకూ ఒకే రగ్గు కొనడం లాంటిది.

సిక్లిడ్లు మనకు కొత్త కాదు. చేపల బజారులో జిలేబీ అని అమ్మే తిలాపియా ఆఫ్రికా సిక్లిడ్. శీలావతి, బొచ్చె గుడ్లు వదిలి తమ దారిన పోతాయి. సిక్లిడ్లు అలా పోవు. గుడ్లకు కాపలా కాస్తాయి, పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతాయి. డిస్కస్ అయితే తన ఒంటిమీది జిగురునే పిల్లలకు మేతగా పెడుతుంది. కాపలా కాయాలంటే సొంత చోటు కావాలి, చోటు కావాలంటే అక్కడున్నవాళ్లను తరిమెయ్యాలి. తొట్టిలో కనిపించే కొట్లాటల్లో చాలావాటికి మూలం ఇదే. ఏడాది పాటు సాధువులా ఉన్న చేప ఒక్క రాత్రిలో రౌడీ అయ్యిందంటే, ముందు బండల మీద గుడ్లున్నాయేమో చూడాలి.

నీళ్ల తేడా తర్వాతి సంగతి. 19వ శతాబ్దంలో అమెజాన్‌లో తిరిగిన ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ అక్కడి నదుల్ని నీటి రంగును బట్టి మూడు రకాలుగా విడదీశాడు. ఆండీస్ కొండల ఒండ్రు మోసుకొచ్చే ప్రధాన నదిది బురద రంగు. పీహెచ్, అంటే నీటి పులుపును చెప్పే అంకె (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), 7కి దగ్గరగా ఉంటుంది. రియో నీగ్రో నీళ్లు పలచని టీ డికాక్షన్‌లా ఉంటాయి. పీహెచ్ 4 నుంచి 5, లవణాలు లేనట్టే. టపాజోస్ నది నీళ్లు తేట, వెచ్చన. గ్రీన్ టెర్రర్ అనే సిక్లిడ్ అసలు అమెజాన్ చేపే కాదు. ఆండీస్‌కు పడమట, ఈక్వెడార్, పెరూల్లో పసిఫిక్ వైపు పారే ఏరులది. అది 22 నుంచి 26 డిగ్రీల్లో హాయిగా ఉంటుంది. డిస్కస్‌కు 28 నుంచి 30 కావాలి. ఆ రెండింటికీ నడుమ ఏ డిగ్రీ దగ్గర హీటర్ పెట్టినా ఒకదానికి అన్యాయమే.

జాక్ డెంప్సీ, టెక్సస్, కాన్విక్ట్ అనే సిక్లిడ్లు దక్షిణ అమెరికావి కావు, ఇంకా ఉత్తరానివి. వాటిలో చాలావాటి దూకుడు ఒక మెట్టు ఎక్కువ. పది సెంటీమీటర్ల కాన్విక్ట్ జంట గుడ్లు పెడితే ఆరడుగుల తొట్టిలో సగం ఖాళీ చేయిస్తుంది. ఫ్లవర్‌హార్న్, ప్యారట్ అనే చేపలు మనుషులు సిక్లిడ్లను కలిపి పుట్టించిన సంకరాలు. ఫ్లవర్‌హార్న్‌కు ఒంటరి కాపురమే మేలు. ప్యారట్‌కు నోరు సరిగా మూసుకోదు, మేత దగ్గర మిగతావాటితో పోటీ పడలేదు.

ఇక తొట్టి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే నిండుగా 680 లీటర్లు. ఇసుక, బండలు, పైన వదిలే ఖాళీ పోను 600 వస్తే గొప్ప. గాజు 12 మిల్లీమీటర్లు ఉండాలి. గాజు, స్టాండు, ఇసుకతో కలిపి మొత్తం బరువు 800 కిలోలు దాటుతుంది కాబట్టి మేడ మీద పెట్టేవాళ్లు కింద దూలం ఉన్న గోడ వారనే పెట్టాలి. వెడల్పు తగ్గించి ఎత్తు పెంచమని కొట్టువాళ్లు సలహా ఇస్తుంటారు, చూడ్డానికి బాగుంటుందని. ఈ చేపలు పంచుకునేది నేల. ఎత్తు పెరిగితే వాటికి ఒరిగేదేమీ లేదు, వెడల్పు తగ్గితే పెద్ద చేప వెనక్కి తిరగడమే కష్టం.

ఎంపిక పద్ధతి ఒకటే: ముందు ఒక చేపను పెళ్లికొడుకుగా అనుకోవాలి, మిగతావాళ్లంతా ఆ పెళ్లివారే. ఆస్కార్‌ను అనుకుంటే కథ చిన్నది. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన రెండు ఆస్కార్లు, సిల్వర్ డాలర్ అనే చేపలు ఆరు, మహా అయితే బాగా ఎదిగిన ఒక సెవరం. నోట్లో పట్టేది ఏదైనా దానికి తిండే కాబట్టి టెట్రాల్లాంటి చిన్న చేపల ఊసు వద్దు. బతికున్న గోల్డ్‌ఫిష్ వేసి మేపడం మంచిది కాదు. గోల్డ్‌ఫిష్‌లో విటమిన్ బి1ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, రోగాలూ ఆ మేత చేపలతోనే వస్తాయి. డిస్కస్‌ను అనుకుంటే మిగతా సిక్లిడ్లను దాదాపు మరిచిపోవాలి. అది నెమ్మదిగా తింటుంది, పక్కవాడు తొందరపడితే పస్తుంటుంది.

ఆరడుగుల తొట్టికి నా ఓటు జియోఫేగస్ అనే సిక్లిడ్‌కు. గ్రీకులో ఆ పేరుకు మట్టి తినేది అని అర్థం. అది గుప్పెడు ఇసుక నోట్లోకి తీసుకుని, జల్లెడ పట్టి, తిండి మింగి, ఇసుకను మొప్పల్లోంచి వదిలేస్తుంది. రోజంతా అదే పని. అందుకే దీనికి గులకరాళ్లు పనికిరావు. నోట్లో ఇరుక్కుంటాయి, ఆకలితో చేప చిక్కిపోతుంది. రోబో శాండ్ అసలు వాడొద్దు. మరలో పిండికొట్టిన రాయి కాబట్టి అంచులు పదునుగా ఉండి మొప్పల్ని గీస్తాయి. గుండ్రటి రేణువులున్న సన్నటి ఏటి ఇసుక కావాలి, ఒక మిల్లీమీటరుకు మించకుండా. ఒక చెంచాడు మీద వెనిగర్ చుక్కలు వేస్తే నురగ వస్తోందంటే అందులో గవ్వల పొడో సున్నపురాయో ఉన్నట్టే, నీళ్ల కాఠిన్యాన్ని పెంచుతుంది. నాలుగు సెంటీమీటర్ల మందం చాలు. ఈ తొట్టికి 65 నుంచి 70 కిలోలు పడుతుంది. బకెట్లో నీళ్లు తేటపడేదాకా కడగాలి. మందం ఇంకా పెంచితే అడుగున గాలి ఆడక కుళ్లుతుంది.

జియోఫేగస్‌లో రెడ్ హెడ్ టపాజోస్ రకం ఎనిమిది పిల్లల్ని, అయిదారు సెంటీమీటర్లప్పుడు, ఒకేసారి కొనాలి. మూడు కొంటే బలమైనది బలహీనమైనదాన్ని ఎంచుకుని చంపేదాకా తరుముతుంది. ఎనిమిది ఉంటే ఆ కోపం అందరికీ తలా కాస్త పంచబడుతుంది. ఇవి పిల్లల్ని నోట్లో దాచుకుని మోస్తాయి, అందుకే బండ మీద గుడ్లు పెట్టి చుట్టూ కోట కట్టే చేపలంత చోటు ఆక్రమించవు.

వీటికి తోడుగా మధ్య మట్టంలో రెండు సెవరాలు. రెండూ ఆడవైతే ఇంకా మేలు. సాధారణంగా మగదాని మొహం మీద పురుగులు పాకినట్టు వంకర గీతలుంటాయి, ఆడదాని మొహం నున్నగా ఉంటుంది. జంట కుదిరితే బల్లపరుపు బండ మీద వందల గుడ్లు పెట్టి, మూడో వంతు తొట్టిని తమ పేర రాయించుకుంటాయి. సెవరానికి ఆకుకూర ఇష్టం. మెత్తగా ఉడికించి తొక్క తీసిన బఠాణీలు, పాలకూర పెట్టాలి. మొక్కలు నాటితే వాటినీ మేస్తుంది.

పై మట్టానికి ఆరు సిల్వర్ డాలర్లు. అవి బెదరకుండా తిరుగుతుంటే కింద సిక్లిడ్లు కూడా ప్రమాదం లేదని నమ్మి బయటికొస్తాయి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త: పొట్ట ఎర్రగా ఉన్న పిల్లల్ని సిల్వర్ డాలర్ అనో పిరానా అనో అంటగడితే అవి చాలావరకు పాకూలు. ఆంధ్రలో చెరువుల్లో పెంచి రూప్‌చంద్ పేరుతో అమ్మేది అదే చేప. కిలోల లెక్కన పెరిగేదాన్ని గాజు తొట్టిలో పెట్టుకోకూడదు. పాచి తినడానికి బ్రిసిల్‌నోజ్ అనే చిన్న క్యాట్‌ఫిష్ చాలు, పన్నెండు సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. మామూలు సక్కర్ క్యాట్‌ఫిష్ అడుగున్నర దాకా పోతుంది, రాత్రిపూట వెడల్పాటి చేపల ఒంటి జిగురు గీకుతుంది. పెద్దదైందని దాన్ని చెరువులో వదిలినవాళ్ల పుణ్యమే ఇప్పుడు జాలర్ల వలల్లో పడుతోంది.

చేపలు వేసే వరస ముఖ్యం. ఖాళీ తొట్టిలో ఫిల్టర్‌కు బ్యాక్టీరియా పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపల్ని చంపే అమ్మోనియా, నైట్రైట్ రెండూ నీటి పరీక్షలో సున్నా చూపించేదాకా ఆగాలి. ముందు సిల్వర్ డాలర్లు, తర్వాత జియోఫేగస్, చివర్న సెవరం. బలవంతుడు ఆఖర్న వస్తే ముందున్నవాళ్ల ఇళ్లకు విలువ ఇస్తాడు. మధ్యలో కొత్త చేపను కలపాల్సి వస్తే మొద్దులు, బండలు చోటు మార్చేస్తే పాత సరిహద్దులు చెరిగిపోతాయి. కొత్తదాన్ని అంతకు ముందే మూడు నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచి చూడాలి.

ఫిల్టర్ గంటకు 3,000 నుంచి 4,000 లీటర్లు తిప్పాలి, వారానికి 40 శాతం నీళ్లు మార్చాలి. నీళ్లలో పేరుకునే నైట్రేట్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) లోపు ఉండాలి. అది పెరిగిన తొట్టెల్లో ఆస్కార్, జియోఫేగస్ తలల మీద సూది గుచ్చినట్టు గుంటలు పడటం మామూలే. మందు కోసం పరుగెత్తే ముందు నీళ్లు మార్చాలి.

చెన్నై కొలత్తూరు లాంటి చోట్ల తొట్టెల్లో పుట్టి పెరిగినవి పీహెచ్ 7.5 దాటినా తట్టుకుంటాయి, అది నిలకడగా ఉంటే. యాసిడ్ పోసి తగ్గించడం మొదలుపెడితే రోజూ పైకీ కిందకీ ఊగుతుంది, చేపను చంపేది ఆ ఊగిసలాటే. బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, 800 ఉంటే ఒక వంతుకు మూడు వంతులు ఆర్‌ఓ నీళ్లు కలపండి. ఆర్‌ఓది 50 అయితే మొత్తం 240 దగ్గరికి వస్తుంది. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ విరుగుడు తప్పనిసరి.

చలికాలానికి 300 వాట్ల హీటర్లు రెండు పెట్టాలి. ఒకటి పాడై ఆగకుండా వెలుగుతూనే ఉన్నా ఒంటరిగా 600 లీటర్లను అంత త్వరగా కాచలేదు. మే నెలలో మన ఇళ్లల్లో కష్టం వేరు. నీళ్లు 32 దాటితే ఆక్సిజన్ తగ్గి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మూత తీసి వల కప్పి, నీటి మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీళ్లకు బదులు ఆర్‌ఓ నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. పైనుంచి బోరు నీళ్లు పోస్తూ పోతే జూన్‌లో మొదటి వాన పడేసరికి టీడీఎస్ రెట్టింపు దగ్గరికి చేరుతుంది.