ముందు చెవి, ఆ తర్వాతే ప్లేయర్

పాటలు వినడానికి చిన్న ప్లేయర్, ఇయర్‌ఫోన్లు కొనాలనుకునేవారి చూపు ముందుగా పెట్టె మీది అంకెల మీద పడుతుంది. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్, ఒక్కో చెవికి ఐదు డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్లు. ఆ అంకెలు నిజమే కావచ్చు. అయినా బస్సులోనో, నడకలోనో, పనిచేసుకుంటూనో రోజూ వినేవారికి పాట బాగుందా లేదా అన్నది తేల్చేవి వేరే ఉన్నాయి. ఇయర్‌ఫోన్ చెవిలో ఎంత బిగువుగా అమరింది, చుట్టూ ఎంత రొద ఉంది, ఆ రొదను దాటడానికి మనం వాల్యూమ్ ఎంత పెంచుతున్నాం అన్నవే ముఖ్యం. ఎంపిక చెవి దగ్గర మొదలై, ఇయర్‌ఫోన్ మీదుగా, చివరికి ప్లేయర్ దగ్గరికి రావాలి. చాలామంది ఈ వరస తలకిందులు చేసి డబ్బంతా ప్లేయర్ మీదే పోస్తారు.

అంకెల సంగతి ముందే తేల్చేద్దాం. మనిషి చెవికి సుమారు 20 హెర్ట్జ్ (సెకనుకు 20 కంపనాలు) నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ పై హద్దు కిందికి దిగుతుంది. 1982లో మార్కెట్లోకి వచ్చిన కాంపాక్ట్ డిస్క్ శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచిన నమూనాలతో దాచుకుంటుంది. ఒక పౌనఃపున్యాన్ని పూర్తిగా పట్టుకోవడానికి దానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ నమూనాలుంటే చాలు. అంటే మన వినికిడి మొత్తం అందులో ఇమిడిపోయింది. ఆ డిస్క్‌లో ఒక్కో నమూనాకు వాడే 16 బిట్లు ఇచ్చే వ్యాప్తి, అంటే అతి మెల్లని శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య దూరం, సుమారు 96 డెసిబెళ్లు. నడుస్తున్న బస్సులో అందులో చాలా భాగం ఇంజను మోత కిందే పూడిపోతుంది. అంతకుమించిన అంకెలు రికార్డింగ్ స్టూడియోలో పనికొస్తాయి, జేబులో కాదు. ఎంపీ3 ఫైళ్ల విషయంలోనూ భయం అక్కర్లేదు. ఒక పెద్ద శబ్దం చాటున పడి చెవికి అందని చిన్న శబ్దాలను వదిలేయడమే ఆ పద్ధతి కిటుకు. సెకనుకు 256 లేదా 320 కిలోబిట్ల ఫైలునూ అసలు రికార్డింగునూ పక్కపక్కన పెట్టి వినిపిస్తే చాలామంది తేడా పట్టలేరు.

ఇక చెవి. మన చెవి నాళం సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది. ఒక కొస తెరిచి, మరో కొస కర్ణభేరితో మూసి ఉంటుంది. ఇలాంటి నాళంలో 3,000 హెర్ట్జ్ పరిసరాల్లోని శబ్దాలు అనునాదం వల్ల సహజంగానే బలపడతాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకోగానే తెరిచిన కొస మూసుకుపోయి, ఆ సహజమైన ఊతం చెదిరిపోతుంది. దాన్ని తయారీదారు ట్యూనింగులోనే తిరిగి కలపాలి. నాళం పొడవు, వంపు అందరికీ ఒకేలా ఉండవు కాబట్టి ఒకరికి గాత్రం స్పష్టంగా వినిపించిన ఇయర్‌ఫోన్ మరొకరికి గీరుకుంటున్నట్టు అనిపించవచ్చు. ఇతరుల మెప్పును దారి చూపే గుర్తుగా తీసుకోండి, తీర్పుగా కాదు.

మంద్రస్థాయి శబ్దాల కథ ఇంకా ముఖ్యమైనది. డోలు మోత బాగా ఉన్న పాట పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో చెవిలోకి మెల్లగా నొక్కి చూడండి. నొక్కగానే డోలు ఒక్కసారిగా నిండుగా పలికి, వేలు తీయగానే పలచబడితే మీ సిలికాన్ టిప్ (ఇయర్‌ఫోన్ కొసన చెవిలోకి వెళ్లే మెత్తని తొడుగు) సరైన సైజుది కాదన్నమాట. ఇయర్‌ఫోన్ లోపలి పొర చాలా చిన్నది. టిప్‌కూ కర్ణభేరికీ మధ్య బందీ అయిన కాస్త గాలిని నొక్కి, వదిలి, అది మంద్రస్వరాలను పుట్టిస్తుంది. సందు ఉంటే చిల్లిపడ్డ పంపుతో గాలి కొట్టినట్టే, ఒత్తిడి బయటికి పోతుంది. తారస్థాయిలో పొర సెకనుకు వేలసార్లు కదులుతుంది కాబట్టి గాలి జారుకునేంత వ్యవధి ఉండదు. అందుకే తాళాల శబ్దం అలాగే ఉండి డోలు మాత్రం మాయమవుతుంది. ‘దీనికి బేస్ లేదు’ అని పక్కన పడేసిన ఇయర్‌ఫోన్లలో చాలావాటికి కావలసింది ఒక సైజు పెద్ద టిప్ మాత్రమే. కుడి, ఎడమ చెవులకు వేర్వేరు సైజులు అవసరం కావడం మామూలే. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి డొప్పను పైకీ వెనక్కీ కాస్త లాగితే నాళం వంపు సరళమై టిప్ కుదురుగా కూర్చుంటుంది. ఆ తర్వాత నోరు తెరిచి మూసి చూడండి. దవడ కదిలినప్పుడు పట్టు వదిలేస్తే ఫోమ్ టిప్‌లు ప్రయత్నించడం మేలు.

ఈ పట్టు పాట నాణ్యతకే కాదు, చెవి ఆరోగ్యానికీ కీలకం. బయటి రొద లోపలికి వస్తే చేయి తనంతట తానే వాల్యూమ్ మీదికి వెళుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు పెద్దవారికి 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెళ్ల పెంపుకూ ఆ సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 90 దగ్గర వారం మొత్తానికి సుమారు 4 గంటలే. లోపలి చెవిలో శబ్దాన్ని నాడీ సంకేతాలుగా మార్చే రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మనిషిలో మళ్లీ పుట్టవు. అందుకే నన్నడిగితే, ఇయర్‌ఫోన్‌లో డబ్బు పెట్టదగ్గ గుణం రొదను ఆపడమే. టిప్ బిగువు కొంత ఆపుతుంది. రొదను రద్దుచేసే ఎలక్ట్రానిక్ పద్ధతి మిగతాది చూసుకుంటుంది: మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది, సర్క్యూట్ దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టిస్తుంది. ఇంజను మోత, ఫ్యాను హోరు వంటి ఎడతెగని మంద్రశబ్దాల మీద ఇది బాగా పనిచేస్తుంది, మాటల మీద అంతగా కాదు. రోడ్డు మీద నడిచేటప్పుడు మాత్రం దాన్ని ఆపేసి, కనీసం ఒక చెవినైనా ఖాళీగా ఉంచుకోవాలి.

దుకాణంలో పోల్చి చూసేటప్పుడు ఒక జాగ్రత్త. రెండింటిలో కొంచెం గట్టిగా వినిపించేదే మనకు మెరుగ్గా తోస్తుంది. రెండింటి వాల్యూమ్‌ను సమం చేశాకే తీర్పు చెప్పండి. వాల్యూమ్ తగ్గితే చెవికి మంద్రస్వరాలు మరీ పలచగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపారు. కాబట్టి తక్కువ వాల్యూమ్‌లో వినేవారు బేస్ కాస్త ఎక్కువున్న ఇయర్‌ఫోన్ ఎంచుకుంటే తప్పేమీ లేదు, శుద్ధవాదులు ఎన్ని చెప్పినా సరే.

ఇప్పుడు ప్లేయర్. బ్లూటూత్‌లో వింటే అంకెలను శబ్దంగా మార్చే చిప్, ఆంప్లిఫయర్ రెండూ ఇయర్‌ఫోన్ లోపలే ఉంటాయి. ఖరీదైన ప్లేయర్‌లోని సర్క్యూట్ అప్పుడు ఖాళీగా కూర్చుంటుంది. తీగలేని ఇయర్‌ఫోన్లే వాడేవారికి ఫోను చాలు. కాకపోతే వాటిలోని చిన్న లిథియం బ్యాటరీ కొన్నేళ్లకు నీరసిస్తుంది, మార్చడం దాదాపు కుదరదు. తీగ ఊడదీసి మార్చుకునే ఇయర్‌ఫోన్ అంతకన్నా చాలాకాలం మన్నుతుంది. విద్యుత్తుకు ఇయర్‌ఫోన్ ఇచ్చే అడ్డును ఇంపెడెన్స్ అంటారు, దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. 16 నుంచి 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌ను చిన్న ప్లేయర్ సునాయాసంగా నడుపుతుంది. 250 ఓమ్‌లు దాటిన పెద్ద హెడ్‌ఫోన్లకే అదనపు బలం కావాలి. ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (ప్లేయర్ లోపలే ఉండే అడ్డు) ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదన్నది వాడుకలో ఉన్న మంచి లెక్క. మించితే ఒక చెవికి అనేక డ్రైవర్లున్న ఇయర్‌ఫోన్లలో స్వరాల సమతూకం మారిపోతుంది.

విడిగా ప్లేయర్ కొనడానికి నాకు నచ్చే కారణం చూడకుండానే జేబులో నొక్కగలిగే బటన్లు. వాల్యూమ్ మెట్లు కూడా పరీక్షించండి. సున్నితమైన ఇయర్‌ఫోన్ పెట్టి, అన్నిటికన్నా కింది మెట్టులో వినండి. ఆ మెట్టే గట్టిగా అనిపించినా, పాట ఆగాక వెనక బుసబుసమన్నా మరో ప్లేయర్ చూసుకోవడం మంచిది.